మెర్వ్‌కి నివాళి

శనివారం పొద్దున్న డెల్విన్ పెట్టుకున్న పని ఒక్కటే. చేసిన కేకులు డబ్బాకెత్తి ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళ బల్ల మీదికి చేర్చడం. భర్త మెర్వ్ పొలంలో పంపు బాగుచేయడానికి, కూతురు టెగన్ క్లబ్బు మైదానంలో నెట్‌బాల్ ఆడడానికి పొద్దున్నే వెళ్ళిపోయారు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. అందుకని డెల్విన్ ఫోన్ తెరిచింది.

టెగన్ ఖాతాలో ఫొటో ఉండాల్సిన చోట నల్లటి చదరం. కింద, "ఇక చాలు. వెళ్ళిపోతున్నా" అని ఉంది.

డెల్విన్ దాన్ని రెండుసార్లు చదివింది. ఆన్‌లైన్లో పిల్లల మనసు కనిపెట్టడమెలాగో ఊరి లైబ్రరీలో నేర్పుతుంటే, ఒక్క తరగతీ మానని మనిషి. చిరాకు, మౌనం, తలుపేసుకుని కూర్చోవడం, తిండి సహించకపోవడం, లక్షణాలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. పోయిన శనివారం ఆట ఓడి టెగన్ ముక్కు చీదుతూ ఏడుస్తుంటే ముచ్చటేసి ఫొటో తీసి, "నా ధీర" అని ఊరి గ్రూపులో పెట్టింది కూడా. అప్పటినుంచీ పిల్ల ఎందుకో ముభావంగానే ఉంది.

ఫోన్ చేసింది. అది పక్క గదిలో మోగింది. పదహారేళ్ళ పిల్ల ఫోన్ వదిలి వెళ్ళడమే! ఊరి గ్రూపులో గబగబా రాసింది: "మా ఇంటికి పెద్ద కష్టం వచ్చింది. పిల్ల మొహం చూసి, దయచేసి వివరాలు అడక్కండి." పిల్లల గుట్టు బయటపెట్టకూడదని తరగతిలో గట్టిగా చెప్పారు మరి. ఆ తర్వాత, ఆటకని పిల్ల చెప్పింది వంకే అనుకుని కారు తీసి, నది ఒడ్డంతా కూతుర్ని పేరు పెట్టి పిలుస్తూ తిరిగింది.

ఈలోగా పక్కింటి నోయలీన్ ట్యూనా చేప వేసిన పాస్తా పళ్ళెం గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళింది. కష్టంలో ఉన్నవాళ్ళ తలుపు ఆ ఊళ్ళో ఎవరూ తట్టరు. ఇంకొకరూ ట్యూనా పాస్తాయే తెచ్చారు, మరొకరూ అదే తెచ్చారు. వరండాలో అన్ని పళ్ళాలు బారు తీరితే దానికి ఒకటే అర్థం. ఎవరో పోయారు. తల్లి మెసేజ్ పెట్టింది, పిల్ల ఆడుతోంది, కాబట్టి పోయింది మెర్వే. నిరుడు గుండెకు ఆపరేషన్ కూడా అయిందాయె.

"పిల్లకింకా చెప్పినట్టు లేదు. ఆట అయ్యేదాకా ఎవరూ నోరెత్తకండి," అంది నోయలీన్ మైదానంలో అందరితోనూ.

నది దగ్గర పిల్ల కనబడక డెల్విన్ మైదానానికి వచ్చేసరికి జెండా సగానికి దిగి ఉంది. ఆటగాళ్ళంతా చేతులకు నల్ల పట్టీలు కట్టుకుని మౌనంగా నిలబడ్డారు. అవతల నెట్‌బాల్ కోర్టులో టెగన్ నిక్షేపంగా గెంతుతోంది. డెల్విన్ భోరుమంది. నోయలీన్ వాటేసుకుని, "ఏడువు తల్లీ, ఏడువు," అంది.

అప్పుడే పంపు మసి చేతులతో మెర్వ్ వచ్చి, టోపీ తీసి, కోచ్ పక్కన నిలబడ్డాడు.

"ఎవరు పోయార్రా?" అన్నాడు గుసగుసగా.

కోచ్ కళ్ళు తెరవకుండానే, "మన మెర్వ్," అన్నాడు.

మెర్వ్ ఒక్క క్షణం ఆలోచించాడు. "మరి నాకెవరూ చెప్పలేదే!"

ఆ గోలకు టెగన్ పరిగెత్తుకొచ్చింది. సంగతి విని తల పట్టుకుంది. "ఖాతా మూసేశానమ్మా, అంతే! నువ్వు పెట్టిన ఏడుపు ఫొటో పట్టుకుని వారం నుంచీ బళ్ళో నన్ను పీక్కు తింటున్నారు. తీసెయ్యమని చెప్పాగా?"

"ఎప్పుడు చెప్పావే?"

"లైబ్రరీ తరగతికి వెళ్తున్నప్పుడు. టైమవుతోంది, తర్వాత చూద్దామన్నావు."

డెల్విన్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "నువ్వేమైపోయావోనని ప్రాణం పోయిందే," అంది.

"నన్నే అడగొచ్చుగా అమ్మా," అంటూ టెగన్ తల్లి కళ్ళు తుడిచింది. తర్వాత చెయ్యి చాపింది. డెల్విన్ ఫొటో తీసేసి, ఫోన్ కూతురి చేతిలో పెట్టింది.

"వారం దాకా అడక్కు," అంది టెగన్.

ఆ వారం తరగతిలో చెప్పిన లక్షణాలన్నీ డెల్విన్‌లో కనిపించాయి. తిండి సహించకపోవడం మాత్రం ట్యూనా వల్ల.