కెపా అంకుల్ బోర్డు సంచి

మానవజాతి కనిపెట్టిన వస్తువుల్లో గొప్పది సర్ఫింగ్ బోర్డు కాదు. దాన్ని పెట్టుకునే సంచి!

నవ్వకండి. బోర్డుదేముంది? నీళ్ళలో వేస్తే తేలుతుంది, అల వస్తే జారుతుంది. కొబ్బరిమట్ట కూడా ఆమాత్రం చేస్తుంది. సంచి అలా కాదు. దానికి మందం కావాలి, జిప్పు కావాలి, భుజానికి పట్టీ కావాలి, ఎండని తిప్పికొట్టే వెండిరంగు తళుకు కావాలి. మా ఊరు వైయనాయెలో కొందరు కుర్రాళ్ళ సంచులు చూస్తే బోర్డు బయటికి తీయబుద్ధి కాదు. వాళ్ళు తీయరు కూడా! పికప్ మీద బీచి దాకా వెళ్ళి, సంచిని నలుగురికీ చూపించి, ఇవాళ అలలు బాగాలేవంటూ తిరిగొచ్చేస్తారు.

విమానాలవాళ్ళని తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మెత్తలు పెట్టిన సంచి లేకపోతే బోర్డు ఎక్కించరట! ఎంత ప్రేమండీ! మనుషుల్ని మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చోబెట్టేవాళ్ళు ఒక చెక్క సుఖం గురించి ఇంత ఆలోచిస్తున్నారంటే దణ్ణం పెట్టాలా, వద్దా?

ఈ నియమం ఎంత మంచిదో నాకు కెపా అంకుల్ పోయినప్పుడు బోధపడింది.

అంకుల్ పుట్టింది కవాయి దీవిలో. పెళ్ళయ్యాక మా ఒవాహు దీవికి, వైయనాయెలో మా వీధికి వచ్చి స్థిరపడ్డాడు. తన బోర్డు తనే చెక్కుకున్నాడు. దాని మీద భార్య వైలానీ ఆంటీని తప్ప ఇంకెవర్నీ ఎక్కనిచ్చేవాడు కాదు. పోయేముందు ఒక్కటే అడిగాడు. తన బూడిదని పుట్టిన ఊరి అలల అవతల కలపాలి, అక్కడిదాకా తన బోర్డు మీదే తీసుకెళ్ళాలి. ఎవరు పోయినా అందరం బోర్డులేసుకుని సముద్రం లోపలికి వెళ్ళి, నీళ్ళలో గుండ్రంగా చేరి సాగనంపడం మాకు మామూలే.

బూడిద డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆంటీ ముందే విమానమెక్కింది. వెళ్తూ వెళ్తూ నా గడ్డం పట్టుకుంది.

"ఒరే మకోవా, నిన్నింకేం అడగను. ఆ బోర్డొక్కటీ తీసుకురా. దానికి దెబ్బ తగిలిందో, నీ వీపు పగులుతుంది."

నేను పత్రికకి కాలమ్ రాసేవాణ్ణి. నాకు పని చెబితే ముందు పరిశోధన మొదలవుతుంది. షాపులన్నీ తిరిగాను. అంకుల్ పాతకాలపు బోర్డు పొడవుకి సరిపోయే సంచి ఎక్కడా లేదు. సరే, నేనే కుట్టాను! పైన నీలం టార్పాలిన్, లోపల ఇల్లు మారేటప్పుడు బీరువాలకి చుట్టే దళసరి దుప్పట్లు, మధ్యలో ఫోము. మా అక్క కుట్టుమిషన్ మళ్ళీ కోలుకోలేదు. సంచి మాత్రం అద్భుతంగా వచ్చింది. బోర్డు పెట్టాక కూడా రెండు పక్కలా జానెడు జాగా మిగిలింది.

ఆ జాగా సంగతి వీధంతా పొక్కింది.

ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఉత్తచేతులతో వెళ్ళడం మా ఇంటావంటా లేదు. మొదట నాతో ప్రయాణమైన మా కజిన్ నైనోవా వచ్చాడు. "బ్రదర్, ఈ తీపి రొట్టెలు బోర్డు ముక్కు దగ్గర సర్దు. మెత్తగా ఉంటాయి, దెబ్బ తగలదు. దిగాక మా మామ్మకి ఇచ్చేద్దాం." సైన్సే కదా, సర్దాను. తోక వైపు ఎండుచేపల పొట్లాలు వచ్చాయి. పక్కింటి మొమి ఆంటీ మామిడికాయ పచ్చడి సీసాలు తెచ్చింది. సీసాలు మెత్తగా ఉండవు కదా అన్నాను.

"అందుకేగా తువ్వాళ్ళు చుట్టాను! తువ్వాళ్ళు మా వదినకే, అవి కూడా ఇచ్చేయ్."

విమానాశ్రయంలో సంచిని తూకం మీద పెడితే కౌంటర్ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. బరువెక్కువైంది, ఏదో ఒకటి తీసేయాలి. మిగతా సామాను పెట్టిన మా అట్టపెట్టెలు అప్పటికే పొట్టలు పగిలేలా ఉన్నాయి.

ఏది తీయాలి? రొట్టెలు తీస్తే నైనోవా వాళ్ళ మామ్మ అలిగి మంచం ఎక్కుతుంది. పచ్చడి తీస్తే మొమి ఆంటీకీ వదినకీ ఈమధ్యే కలిసిన మాటలు మళ్ళీ పోతాయి. చేపలు తీస్తే అక్కడ మాకు బండి ఇచ్చేవాడు ఇవ్వడు. వెనక లైనులో గొణుగుడు మొదలైంది. నైనోవా సంచిలోకి తొంగిచూసి గొంతు తగ్గించాడు.

"బ్రదర్, ఇందులో ఎవరికీ ఇవ్వక్కర్లేనిది ఒక్కటే ఉంది."

"నోర్ముయ్."

"కాదు, నువ్వే ఆలోచించు. మా మామ్మకి కోపం వస్తుంది. మొమి ఆంటీ వదినకీ వస్తుంది. కెపా అంకుల్‌కి రాదు. ఆయనేమీ అనుకోడు."

ఇంత పకడ్బందీ వాదన నేను కోర్టుల్లో కూడా వినలేదు! బోర్డు బయటికొచ్చింది. మమ్మల్ని దింపడానికి వచ్చిన బావ దాన్ని పికప్‌లో వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు.

కౌంటర్ అమ్మాయి నోరెళ్ళబెట్టింది. "బోర్డు లేకుండా బోర్డు సంచా?" మళ్ళీ తూకం చూసి గొంతు మెత్తబరిచింది. "ఇప్పుడు తేలిగ్గానే ఉందిగా అన్నా. కవాయిలో మా పిన్నికి ఈ పొట్లం కాస్త..."

పెట్టించుకున్నాం. అదీ సంచి గొప్పతనం!

కవాయి బీచిలో ఆంటీ మా కోసమే నిలబడి ఉంది. సంచిని ఇసుకలో దించగానే పక్కన చతికిలబడి టార్పాలిన్ నిమిరింది. "వచ్చావా, ముసలోడా?" అంది. జిప్పు లాగింది. రొట్టె తగిలింది. ఇంకాస్త లాగితే చేపలు. ఆవిడ ఆ కొస నుంచి ఈ కొస దాకా చేత్తో వెతుకుతుంటే నేను నైనోవా వాదనంతా పూసగుచ్చినట్టు వినిపించాను.

కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

"అవును, ఆయనేమీ అనుకోడు. నేననుకుంటానని ఎవడికీ తట్టలేదురా?"

చివరికి బీచి పక్క షాపులో అద్దెకి దొరికిన బోర్డు మీద వెళ్ళాం. గులాబీరంగు స్పాంజిది, టూరిస్టుల పిల్లలు నేర్చుకునేది. "సాయంత్రం అయిదులోగా తిరిగి ఇవ్వవలెను" అని దాని మీద పెద్ద స్టిక్కర్. ఆంటీ ఆ స్టిక్కర్ మీదే బోర్లా పడుకుని, డబ్బా గడ్డం కింద పెట్టుకుని, అలలు దాటింది. చుట్టూ చేరిన మాలో ఒక్కడు కూడా ఆవిడ మొహంలోకి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, ఉప్పునీళ్ళలో ఎవరికీ తెలియలేదు. బోర్డుని టైముకే తిరిగిచ్చాం, అంకుల్‌ని మాత్రం అలల అవతలే వదిలొచ్చాం.

ఇందులో సంచి తప్పేమన్నా ఉందా, మీరే చెప్పండి! అందరి మర్యాదా మోసింది. మొమి ఆంటీ వదిన పచ్చడి రుచి చూసి కళ్ళు తుడుచుకుంది. మామ్మ రొట్టె బాగుందని నన్ను ముద్దుపెట్టుకుంది. మర్నాడు వాళ్ళంతా బదులు సామాన్లతో బీచికి దిగారు. చామదుంప మిఠాయి, కొబ్బరి, పంది మాంసం. వద్దనే నోరు నాకు లేదు. "సంచి ఖాళీయేగా" అంటూ వాళ్ళే జిప్పు తీసి సర్దడం మొదలుపెట్టారు.

ఆంటీ వచ్చింది. ఒక్కొక్క పొట్లమే తీసి ఇసుకలో పెట్టింది. తర్వాత చెప్పులు విడిచి, సంచిలోకి దిగి, కాళ్ళు బారజాపి పడుకుంది.

"జిప్పు వెయ్యరా మకోవా. మీ సంచిలో బతికున్నవాళ్ళకేగా చోటు. నేను బతికుండగానే ఎక్కేస్తాను."