కోడలికి ఏ ఆధారమూ లేదు

నవంబరు పదమూడో తేదీ ఉదయం ఆ ఇంట్లో తిన్నవి ఉడకబెట్టిన గుడ్లు, ఒకవైపు మాడిన రొట్టె. మాడినవైపు కిందికి తిప్పి, బాగున్నవైపు పైకి కనిపించేలా పళ్లెంలో సర్ది పెట్టింది కోడలు. మామగారు అది గమనించారు. గమనించనట్టే తిన్నారు. భార్య పోయిన దగ్గర్నుంచి ఇలాంటివి ఆయన కంట ఎక్కువగా పడుతున్నాయి.

ఆ రోజు ఇద్దరికీ ఉన్నవి మామూలు పనులే. మామగారు గడ్డం గీసుకుని పార్కుకు నడకకు వెళ్లాలి. కోడలు మధ్యాహ్నం ఆరోగ్యశాఖ కమిటీ ముందు తన నివేదిక చదవాలి. కొడుకు క్యాంపుకు వెళ్లాడు కాబట్టి అతనికి ఈ కథలో పనిలేదు.

కోడలు వైద్య పరిశోధకురాలు. ఒక మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి కొందరికి అసలు మాత్రా, కొందరికి ఉత్తుత్తి మాత్రా ఇస్తారు. ఎవరు ఏది మింగుతున్నారో మింగేవాళ్లకూ తెలియదు, ఇచ్చేవాళ్లకూ తెలియదు. చివర్లో లెక్క విప్పి చూస్తారు. అలాంటి పరీక్షలన్నీ చదివి, తాలు ఏదో గింజ ఏదో చెరిగి ప్రభుత్వానికి చెప్పడం ఆమె ఉద్యోగం. ఈసారి చేటలో పడింది మోకాళ్ల నొప్పుల మాత్ర. దాన్ని ప్రతి ప్రభుత్వ ఆసుపత్రికీ కొనిపించాలని కంపెనీవాళ్లు కమిటీ చుట్టూ తిరుగుతున్నారు. కొంటే, చిన్న ఆసుపత్రుల్లో నర్సుల నియామకం ఈ ఏడాదికీ లేనట్టే. రెండింటికీ ఉన్నది ఒకటే డబ్బు మూట.

చిక్కేమిటంటే, అదే మాత్రను నెలనెలా మామగారికి తెచ్చిపెడుతున్నది కూడా ఆ కోడలే. మొదట తెచ్చినప్పుడు ఆమె ఆ పరీక్షలు చదవలేదు. చదివాక తెలిసింది, దానివల్ల కీడు లేదు, మేలూ లేదని. కానీ మామగారు "భలే మాత్రలమ్మా, మోకాలు వెన్నలా తిరుగుతోంది" అన్నప్పుడల్లా ఆమెకు నోరు పెగిలేది కాదు.

సరిగ్గా ఈ సంగతే ఆ ఉదయం తోటి ఉద్యోగికి ఫోనులో చెబుతోంది.

"లేదండీ, ఏ ఆధారమూ లేదు! ఉన్న ఒక్కటీ మధ్యలో ఆపేశారుగా. మిగతావన్నీ చిన్నాచితకా. వాటిని నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే... ఇంట్లోనా? మావయ్యగారికి మాత్రం చెప్పలేదండీ. పాపం, తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటారు."

స్నానాలగది తలుపు వెనక, సగం చెంపకు సబ్బు నురగతో, మామగారు గడ్డం కత్తి పట్టుకుని నిలబడిపోయారు. పరిశోధకులకు ఆధారమంటే రుజువు. ఆయన తరానికి ఆధారమంటే ఒకటే: బతుకుతెరువు. ఆధారం లేదంటే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదని అర్థం.

"ఉద్యోగం ఊడింది. ఆ పిచ్చితల్లి నాకోసం దాస్తోంది" అనుకున్నారు. రెండో చెంప గీయకుండానే బయటికి వచ్చారు. ఆమె చెప్పులు తొడుక్కుంటోంది.

"వస్తాను మావయ్యా. మాత్ర వేసుకున్నారా?"

"ఆఁ ఆఁ, వేసుకున్నానమ్మా. నువ్వు ధైర్యంగా వెళ్లిరా. దేనికీ దిగులు పడకు. నేనున్నాను."

ఒక నివేదిక చదవడానికి ఇంత ఆశీర్వాదమా అని ఆమెకు కాస్త వింతగా అనిపించింది. సగం గడ్డం ఇంకా వింతగా అనిపించింది. బస్సు వేళయింది, వెళ్లిపోయింది.

మామగారు వెంటనే పొదుపు మొదలుపెట్టారు. గదుల్లో దీపాలు ఆర్పారు. ఫ్రిజ్జు ఆపారు. రేపట్నుంచి పేపరు వెయ్యొద్దని పేపరతనికి ఫోను చేశారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ పాలు విరగడంతో ముగిసేది. కానీ సలహా కోసమని చెల్లెలికి కూడా ఫోను చేశారు.

ఆవిడను బంధువులంతా టముకు అత్తయ్య అంటారు. ఆవిడకు మాత్రం ఆ సంగతి తెలియదు. ఆవిడకు తెలియని సంగతి బంధువుల్లో అదొక్కటే.

"ఎవరితోనూ అనకు" అన్నారు మామగారు.

"చాల్లే అన్నయ్యా, నేనేమన్నా ఊరందరికీ చెప్పేదానిలా కనబడుతున్నానా?" అని నొచ్చుకుంది ఆవిడ.

మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. అత్తయ్య బియ్యం మూటతో దిగింది. పై వాటా మాస్టారు తన పాత స్వెట్టర్లు రెండు తెచ్చి, "ఉతికినవేనండీ" అని సోఫాలో పెట్టాడు. ఎదురింటి దర్జీ ఆవిడ, "మీ కోడలికి బొత్తాలు కుట్టడం వచ్చా? ఇంట్లో కూచుని చేసుకోవచ్చు" అంది. "ఆవిడ డాక్టరేటు చేసిందమ్మా" అన్నారు మామగారు నీరసంగా. "అయితే ఏం, నేర్పిస్తాను" అంది ఆమె, జాలిగా.

అంతలో అత్తయ్య కళ్లు ఫ్రిజ్జు తలుపు మీద పడ్డాయి. అవసరానికి పనికొస్తాయని కోడలు అంటించిన ఫోను నంబర్లలో ఆఫీసు డైరెక్టరుది కూడా ఉంది.

ఆ డైరెక్టరు తన నీడకు తానే లేచి దారిచ్చే రకం. ఫోను ఎత్తగానే అత్తయ్య గొంతు తడిచేసుకుంది.

"బాబూ, మా కోడలికి ఏ ఆధారమూ లేదు. మీరే పెద్ద మనసు చేసుకోవాలి."

డైరెక్టరు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఏ ఆధారమూ లేదా? నిన్ననే నాకు అంత కట్ట చూపించిందే!"

"పైకి అలాగే కనబడుతుంది బాబూ. లోపలంతా డొల్ల."

"అంటే... అందులో ఉన్నదంతా?"

"అంతా అరువు తెచ్చుకున్నదే అనుకోండి. పరువుగల పిల్ల, నోరు విప్పి చెప్పుకోలేదు."

డైరెక్టరు ఫోను పెట్టేసి మంచినీళ్లు తాగాడు. ఇంట్లోవాళ్లే చెప్పాక ఇంకేం కావాలి? నివేదికంతా ఎవరిదో కాపీ అన్నమాట!

కమిటీ గది ముందు కోడల్ని పట్టుకుని గోడవారకు తీసుకెళ్లాడు. "మీరు ఇవాళ ఏమీ చదవొద్దు. కంపెనీ ఆయన ఒక్కడే మాట్లాడతాడు."

"అదేంటి సార్!"

"మీకు ఏ ఆధారమూ లేదట కదా?"

"అవును సార్, ఏ ఆధారమూ లేదు. నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదేగా!"

డైరెక్టరు నోరు తెరిచాడు. "ఒప్పుకుంటున్నారా? ఇంత ధైర్యంగానా?"

"ఒప్పుకోవడమేంటి సార్, మొదటి పేజీలోనే రాశాను!"

"రాసి, కింద సంతకం కూడా పెట్టారా?" అని గోడకు చేరగిలబడ్డాడు ఆయన. ఇంకా ఏదో అడగబోయేలోగా లోపలినుంచి పిలుపు వచ్చింది.

లోపల కంపెనీ ఆయన నల్లకోటులో వెలిగిపోతూ మాట్లాడాడు. తెరమీద ఒక ముసలాయన మాత్ర మింగి మెట్లెక్కుతున్నాడు. కమిటీ అధ్యక్షురాలు గడియారం చూసుకుని, "వేరే అభిప్రాయం ఏమైనా ఉందా?" అంది. డైరెక్టరు బల్లకింద నుంచి కోడలికి చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆమె ఆ చేతిని చూసింది, తన కట్టను చూసింది, ఒక్క నర్సు కూడా లేని ఆసుపత్రులను తలుచుకుంది. లేచి నిలబడింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మామగారు వచ్చారు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నెరిసి, భుజాన గుడ్డసంచీ. చెల్లెలు ఫోనులో చేసిన ఘనకార్యం విని, ఇక తానే వెళ్లి బతిమాలుకోవాలని బయలుదేరారాయన. లిఫ్టు పనిచేయడం లేదు. మూడంతస్తులు ఎక్కి వచ్చారు.

"అమ్మా, అయ్యా, మా కోడల్ని ఉద్యోగంలోంచి తియ్యకండి" అన్నారు చేతులు జోడించి.

"మావయ్యా! నన్నెవరు తీశారు?"

"నువ్వూరుకో తల్లీ, నాకన్నీ తెలుసు."

అధ్యక్షురాలు కళ్లజోడు సర్దుకుంది. "కూర్చోండి పెద్దాయనా. మెట్లెక్కి వచ్చారా? మోకాళ్లు నొప్పి లేవా?"

"ఉండేవమ్మా. మా కోడలు మాత్రలు తెచ్చిపెట్టింది." ఆ మాత్ర పేరు చెప్పారు.

నల్లకోటాయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "వింటున్నారా మేడమ్! మా మాత్రే! మూడంతస్తులు! సొంత కోడలే తెచ్చి వేస్తోంది! ఇంతకంటే ఆధారం ఏం కావాలి?"

కోడలి ముఖం పాలిపోయింది. మామగారు మాత్రం సంచీ విప్పి బల్లమీద బోర్లించారు. మాత్రల పెట్టెలు. రెండేళ్ల పెట్టెలు. మొట్టమొదటి పెట్టెకు తప్ప ఒక్కదానికీ సీలు విప్పలేదు.

"కష్టకాలంలో పనికొస్తాయని తెచ్చాను. కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడేమో" అన్నారు, కోడలివైపు చూడకుండా. "మొదటిరోజే ఒకటి నోట్లో వేసుకున్నానమ్మా. గుర్రానికి వేసే మాత్రలా ఉంది, గొంతు దిగలేదు, ఉమ్మేశాను. నువ్వు అంత ప్రేమగా తెస్తే బాగాలేదని ఎలా అంటాను? వేసుకున్నానని చెప్పి, నువ్వు నా మొహం చూసి కనిపెట్టకుండా రోజూ పార్కుకు పోయి తిరిగి వచ్చేవాణ్ని."

గదిలో నవ్వు మొదలై, నల్లకోటు దగ్గర ఆగి, దాన్ని దాటుకుని వెళ్లింది. తెరమీది ముసలాయన ఇంకా మెట్లెక్కుతూనే ఉన్నాడు.

"అయితే తేలిపోయినట్టేగా" అంది అధ్యక్షురాలు కళ్లు తుడుచుకుంటూ. "మాత్ర అక్కర్లేదు, నడక చాలు."

కోడలికి తల ఊపి కూర్చుంటే సరిపోయేది. ఆమె కూర్చోలేదు. "తేలలేదు మేడమ్. ఒక్క మనిషి వేసుకుని బాగుపడినా ఆధారం కాదు, వేసుకోకుండా బాగుపడినా కాదు. ఆయన మా మావయ్యే అయినా సరే. ఇంతవరకు జరిగిన పరీక్షలన్నీ చెరిగి తేల్చిన లెక్క ఈ కట్టలో ఉంది. దయచేసి అది వినండి."

డైరెక్టరు చెయ్యి ఈసారి ఊగలేదు. "ఆధారం" అన్న మాటకు రెండు అర్థాలున్నాయని అప్పుడే ఆయన బుర్రకు తట్టింది.

విన్నారు. చివరిదాకా విన్నారు. మాత్ర కొనుగోలు ఆగింది, నర్సుల నియామకం కదిలింది. మామగారికి టీ ఇచ్చి, దిగేటప్పుడు ఇద్దరు అటెండర్లు చెరోవైపు పట్టుకున్నారు. ఆయనకు అవసరం లేకపోయినా వాళ్ల ముచ్చట కాదనలేక పట్టుకోనిచ్చారు.

ఇంటికి వచ్చేసరికి ఫ్రిజ్జులో పాలు విరిగాయి. స్వెట్టర్లు తిరిగిచ్చేశారు. బియ్యం మూట అత్తయ్య వెనక్కి తీసుకోనంది. దానితోపాటు తానూ ఉండిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు మావయ్యా?"

"నువ్వు నాకెందుకు చెప్పలేదు?"

"మీరు బాధపడతారని."

"నేనూ అందుకే." ఆయన కాసేపు నున్నటి చెంప రుద్దుకున్నారు. "రెండేళ్లు మన ఇంట్లో ఎవరు ఏది మింగుతున్నారో ఎవరికీ తెలియదన్నమాట. మీ పరీక్షలాగే."

ఆమె నవ్వుతూ లేచి, హాల్లో అప్పుడే నిద్రలో పడ్డ అత్తయ్యకు దుప్పటి కప్పింది. ఆవిడ గురక కిటికీ అద్దాలను తాకి తిరిగి వస్తోంది. మామగారు పడుకోవడం చూసి, ఆయన గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

తలుపు మూస్తే గురక తగ్గుతుందనడానికి మాత్రం ఏ ఆధారమూ దొరకలేదు.