రోజూ పెళ్లి భోజనమే

"మా ఆనంద సదనంలో పెద్దలకు ప్రతిరోజూ పెళ్లి భోజనమే!"

కొత్తపేట రోడ్డు మీద నిలువెత్తు బోర్డు అది. కింద చేతులు జోడించిన వ్యవస్థాపకులు దొరబాబు గారి బొమ్మ. ఆ బోర్డులో ఒక్క అక్షరం అబద్ధం లేదు! చుట్టుపక్కల కల్యాణ మండపాల్లో మిగిలినదంతా మర్నాడు వ్యానెక్కి ఈ వృద్ధాశ్రమానికే వచ్చేది. పులి వెళ్లిపోయి పులుపు మాత్రం మిగిలిన పులిహోర, రాయిలా బిగిసిన గారెలు, షుగరున్నవాళ్లకీ లేనివాళ్లకీ పక్షపాతం లేకుండా బూందీ లడ్డూలు! వంటశాల లేదనకండి, ఉంది. ప్రారంభోత్సవం నాడు అందులో పాలు పొంగించారు. ఆ తరవాత అక్కడ పొంగినదల్లా దొరబాబు గారే.

అచ్యుతరామయ్య గారు ఆ సదనంలో చేరి మూడేళ్లయింది. ఒకప్పుడు ఊరందరికీ పెళ్లి ముహూర్తాలు పెట్టిన సిద్ధాంతి. ఇప్పుడు ఆ పెళ్లి భోజనాలే ఆయన కడుపులో పేచీ పెడుతున్నాయి. ఆయనకున్న కోరిక ఒక్కటే: వేడన్నం, అందులో మిరియాల చారు.

"మన ఆచారంలో చారుంది గానీ మన ఆశ్రమంలో లేదేంటండీ దొరబాబు గారూ?"

"ఆయ్, మీరు భలేవారండీ సిద్ధాంతి గారూ! పెళ్లి భోజనం పెడుతుంటే చారంటారేంటండీ? లోకం నవ్విపోదూ?"

"లోకం నవ్వితే నవ్వనివ్వండి. నా కడుపు ఏడుస్తోందండీ."

అంతలో శుక్రమూఢం వచ్చిపడింది. ముహూర్తాల్లేవు, మండపాలకు తాళాలు, వ్యాను ఖాళీ. శుక్రుడు సూర్యుడి చాటుకి వెళ్తే, అన్నం ఆ శుక్రుడి చాటుకి వెళ్లిపోయింది! పూటకో గ్లాసు నూకల జావ మిగిలింది.

"బోర్డు మీద సదనం అని రాయించేరు గానీ, సద్దన్నం అని రాయించాల్సిందండీ. ఇప్పుడదీ లేదనుకోండి!" అంది పక్క మంచం అచ్చాయమ్మ.

ఒక సాయంత్రం దొరబాబు గారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు.

"సిద్ధాంతి గారూ, కొంప మునిగిందండీ! మా అమ్మాయి హారికకి రాజోలు నరసింహమూర్తి గారబ్బాయిని అనుకుంటున్నాం కదండీ? ఆయన మన బోర్డు చూసేరట. రేపొచ్చి పెద్దలతో పాటు పంక్తిలో కూర్చుంటానంటున్నారండీ!"

"మూఢంలో సంబంధం మాట్లాడకూడదు కదండీ?"

"మాట్లాడరటండీ, తింటారట! మూఢంలో తినకూడదని శాస్త్రంలో ఎక్కడైనా ఉందా?"

అచ్యుతరామయ్య గారు కళ్లు మూసుకుని ఆరు శాస్త్రాలూ తిరగేసినట్టు మొహం పెట్టారు.

"ఎక్కడా లేదండీ. పైగా మూఢంలో మిరియాల చారు మహా ప్రశస్తం!"

మర్నాడు వంటశాలలోంచి పొగ లేచింది. ఎక్కడో అంటుకుందనుకుని ఒకరిద్దరు బిందెలు కూడా పట్టుకొచ్చారు! పప్పు, బెండకాయ వేపుడు, కాచిన నెయ్యి, ఆ వెనకాలే పొగలు కక్కుతూ చారు. మొదటి ముద్దకే అచ్యుతరామయ్య గారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరియాల ఘాటు అని పక్కవాళ్లకి చెప్పుకున్నారు.

"చాలా బాగుందని పైకి అనండి," అన్నారు దొరబాబు గారు వంగి, చెవిలో.

"అనడానికి నోరు ఖాళీ లేదండీ. ఇంకో గరిటె పొయ్యమనండి."

మళ్లీ రేపు జావే. ఆ సంగతి తెలిసే, రేపటి చారు కూడా ఇవాళే తాగేస్తున్నారాయన.

భోజనాలయ్యాక నరసింహమూర్తి గారు లేచి నిలబడ్డారు.

"తల్లిదండ్రులంటే కదిలే దేవుళ్లండీ! గుండెల్లో గుడి కట్టి దాచుకోవాలండీ!"

చప్పట్లు! ఆయన కండువాతో కళ్లొత్తుకున్నారు.

"ఇంత ఆదరణ మా ఇంట్లో కూడా లేదండీ దొరబాబు గారూ. అందుకే ఓ నిర్ణయానికొచ్చేశాను. మా అమ్మని రేపే తెచ్చి ఇక్కడ దింపేస్తానండీ!"

దొరబాబు గారు మజ్జిగ చెంబు కింద పెట్టేశారు.

"అబ్బే, ఆవిడకి మా తిండి పడుతుందో లేదోనండీ..."

"రోజూ ఫోను చేసి ఏం తిందో కనుక్కుంటాలెండి. ఆవిడకి దాపరికం లేదు. నచ్చకపోతే రాజోలంతా టముకేసేస్తుంది. మీ హారిక రేపు ఆవిడకి మనవడి పెళ్లామే కదండీ, మీరు లోటు చేస్తారా?"

మహాలక్ష్మమ్మ గారు ట్రంకుపెట్టెతో దిగారు. ఆ రోజు నుంచి రెండుపూటలా పొయ్యి వెలిగింది. ఆవిడొక్కదానికే వండితే ఫోనులో ఆ ముక్కా చెప్పేస్తుంది గనక అందరికీ వండక తప్పలేదు. వియ్యం కుదరకముందే బియ్యం కుదిరింది!

ఆవిడకి ఎనభై దాటాయి. గాలికి ఎగిరిపోయేట్టుంటారు. ఆవిడున్నన్నాళ్లే పొయ్యి వెలిగేది గనక, సదనం మొత్తం ఆవిడ సేవలో పడింది. ఫ్యాను కింద మంచం ఆవిడకే. ఆవిడ తుమ్మితే ముగ్గురు కషాయంతో పరిగెత్తారు. అచ్చాయమ్మ తన శాలువా తీసి కప్పింది. అచ్యుతరామయ్య గారు జాతకం చూసి నూరేళ్లన్నారు. అది చాలదనిపించి ఇంకో పదేళ్లు పొడిగించారు!

ఒక మధ్యాహ్నం చేతులు కడుక్కుని వస్తూ మహాలక్ష్మమ్మ గారు ఆగారు.

"సిద్ధాంతి గారూ, కన్నకొడుకు ఇంట్లో రాత్రంతా దగ్గినా ఎవరూ తలుపు తీసి చూడలేదండీ. మీరు నాకేమవుతారని? ఇంత ప్రేమేంటండీ నామీద?"

అచ్యుతరామయ్య గారు కంచంలోని చారన్నం వైపు చూపు తిప్పుకున్నారు.

"మెల్లిగా నడవండమ్మా," అన్నారు. "అక్కడ నేల తడిగా ఉంది."