అందరూ మెచ్చిన సిల్వానర్

మే నెలలో ఆ గురువారం పొద్దున బుర్కార్డ్ వేనర్ పెట్టుకున్న పనులు రెండే. పదింటికి భార్యను సమాధి చెయ్యాలి. పన్నెండింటికి ఊరివాళ్ళకు భోజనం పెట్టాలి. వాల్‌బుర్గాకి నచ్చినట్టే ఉడికించిన తెల్ల ఆస్పరాగస్ కాడలు, కరిగించిన వెన్న, కొత్త బంగాళాదుంపలు, పల్చగా కోసిన హామ్, వాటితో సొంత ద్రాక్షతోట సిల్వానర్. ఆ వైన్ పక్కన ఇంకేం పెట్టినా ఆవిడ ఒప్పుకునేది కాదు.

నలభై ఏళ్ళుగా వైన్ చేసింది ఆవిడే. బుర్కార్డ్ గంపలు మోసేవాడు, పీపాలు కడిగేవాడు. కిందటి కోతల నాటికి ఆవిడ ఆసుపత్రిలో ఉండటంతో మొదటిసారి తానొక్కడే చేశాడు. మొదటి గుక్క ఆవిడే తాగాలని, అప్పటిదాకా తాను ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆవిడ ఇంటికి రాలేదు. అతను ముట్టనూ లేదు. రుచి చూడకుండానే సీసాలకెత్తాడు. ఇక తనవల్ల కాదని, తోటను వైన్ చేసే పక్కింటి గుంబెర్ట్‌కి కౌలుకిస్తానని మాట కూడా ఇచ్చేశాడు. సోమవారం సంతకాలు.

హోటలు హాల్లో మొదటి గ్లాసు ఫాదర్ లియోబార్ట్‌కి పోశాడు. ఆయన ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. రెప్పల సందుల్లోంచి నీళ్ళు కారాయి.

"ఎలా ఉంది ఫాదర్?"

పొద్దున్నే భార్యను మట్టిచేసి వచ్చిన మనిషి మొహం చూస్తూ నిజం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"వాల్‌బుర్గమ్మే కళ్ళముందు మెదిలింది, బుర్కార్డ్" అన్నారు.

ఫాదరే అంతమాట అన్నాక మేయరు వెనకబడితే బాగుండదు. ఇలాంటిది జన్మలో తాగలేదన్నాడు. అది అబద్ధమేమీ కాదు. ఇక మిగతావాళ్ళకు వేరే దారి లేకపోయింది. నాలుక కాపాడుకోవడానికి అందరూ వెన్న మీద వెన్న పోసుకుని ఆస్పరాగస్ లాగించారు. వైన్ ఆకలి పుట్టిస్తోందనుకుని బుర్కార్డ్ ఇంకో రెండు పెట్టెలు తెప్పించాడు. ఆస్పరాగస్ అడుగంటింది. గ్లాసులు మాత్రం నిండుతూనే ఉన్నాయి. తలలు వంచుకుని కళ్ళు తుడుచుకుంటున్న ఆ నలభై మందినీ చూసి, ఆవిడను వీళ్ళింతగా ప్రేమించారా అనుకున్నాడు.

లేచి నిలబడ్డాడు. తోట ఎవరికీ ఇవ్వనని, ఈ ఏడూ తానే చేస్తానని, ఏటా ఇదే రోజున ఊరందరికీ పోస్తానని చెప్పాడు. గుంబెర్ట్ మొహం పాలిపోయింది. ఎవరో చప్పట్లు మొదలెట్టారు, ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ ఊపులో మేయరు వైన్ పండక్కి రెండొందల సీసాలు ఖాయం చేశాడు. చర్చి ప్రార్థనలో కూడా ఇదే వాడతారు కదా అన్నట్టు బుర్కార్డ్ అటు చూసేసరికి, ఫాదర్ తలూపేశారు.

రైలు అందక ఆలస్యమైన వాల్‌బుర్గా చెల్లెలు అపొలోనియా అప్పుడే వచ్చింది. నల్లకోటు విప్పకుండానే కూర్చుని ఒక గుక్క తాగింది. నోట్లోది రుమాల్లోకి ఉమ్మింది.

"బావా, నువ్వు తాగావా?"

"లేదు."

"తాగు."

తాగాడు. పులుపు చెవుల దాకా పాకింది. అది వైన్ కాదు, వెనిగర్. హాల్లో ఒక్కరూ అతని వైపు చూడలేదు. ఆవిడ పోయినప్పట్నుంచి ఐదు రోజులుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

"నలభై ఏళ్ళు పక్కనే నిలబడి ఏం నేర్చుకున్నాను నేను?" అన్నాడు.

"అక్క మొదటి పీపా కూడా ఇంతే బావా. మీ పెళ్ళికి ముందటి ఏడాది. నీకు తెలిస్తే పెళ్ళి మానేస్తావని, పీపా మొత్తం మేమిద్దరమే సలాడ్‌లో పోసుకు తిన్నాం. ఏడాది పట్టింది."

అపొలోనియా వంటింట్లోకి వెళ్ళి, అడుగున మిగిలిన ఆస్పరాగస్ ముక్కల్లో ఉల్లిపాయ తరిగి, నూనె వేసి, ఆ సీసాలోదే ధారగా పోసి కలిపి తెచ్చింది. బుర్కార్డ్ ఏడుస్తూనే తిన్నాడు. బాగుంది. గిన్నె అన్ని బల్లలూ తిరిగింది. ఆ రోజు మొదటిసారి ఎవరికీ అబద్ధమాడే అవసరం లేకపోయింది.

సోమవారం అతను సంతకానికి వెళ్ళలేదు, తోటలోకి వెళ్ళాడు. ప్రార్థన వైన్ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మేయరుకి మాత్రం రెండొందల సీసాలూ తీసుకోక తప్పలేదు, ఊరంతటికీ పంచేశాడు.

ఆ వేసవిలో ఆ ఊళ్ళో ఎవరింట తిన్నా సలాడ్ అమోఘం. వైన్ మాత్రం అందరూ గుంబెర్ట్ దగ్గరే కొన్నారు.