అరవై రోజుల గడువు ఒక వరం

లేఆఫ్ అయిన హెచ్1బీ ఉద్యోగికి, కొత్త ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలమని అమెరికా ఇచ్చే అరవై రోజుల గడువును శాపమని తిడుతున్నారా? అయితే మీకు పశువైద్యం తెలియదన్నమాట!

శాంటా క్లారాలో శ్యామ్‌సుందర్‌కు తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ల ఈ ఇంజనీరు పనిచేసిన కంపెనీ, మాంసం కోసం ఆవుల్నీ దూడల్నీ పెంచే రాంచ్‌లకు సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఏ ఆవుకు ఏ టీకా, ఏ దూడ బరువెంత, అన్నీ అందులోనే. అందులో ఒక గొప్ప రూలు స్వయంగా అతనిదే: ఆంబోతును మందలోకి వదిలాక అరవై రోజుల్లో చూడి కట్టని ఆవుకు ఎర్ర చుక్క. ఆ పైన లారీ. ఆ పైన వేలం.

ఎంత శుభ్రమైన రూలు! ఆవు ఏడవదు, ఆన్‌లైన్లో పోస్టులు పెట్టదు.

ఒక మంగళవారం శ్యామ్‌సుందర్ లాప్‌టాప్ తెరుచుకోలేదు. ఆఫీసులో మరో ముప్ఫై తొమ్మిది మందివీ తెరుచుకోలేదు.

"నువ్వు రాసిన రూలేగా, నీకే అప్లై చేశారు," అంది భార్య సుధ, గడువు తేదీని ఫ్రిజ్ మీద అంటిస్తూ.

గడువు ఎంత క్రమశిక్షణ నేర్పుతుందో చూడండి. పదేళ్లుగా పలకరించని క్లాస్‌మేట్లకు ఫోన్లు చేశాడు. పెళ్లిళ్లలో తప్పించుకు తిరిగిన పెద్దలకు రెజ్యూమె పంపాడు. ఆరు పౌండ్లు తగ్గాడు. ఏ జిమ్‌కి చేతనవుతుంది?

నలభై ఒకటో రోజు కాలిఫోర్నియాలోనే ఉన్న డబ్లిన్ కొండల్లోని ఒక రాంచ్‌కి వెళ్లాడు. అతని సాఫ్ట్‌వేర్ వాడే పశువుల డాక్టరు శ్రీవిద్యను రిఫరెన్స్ అడగాలి. అమెరికాలోనే, నేపర్‌విల్‌లో పుట్టిన ఆ అమ్మాయి భుజం దాకా గ్లవ్ తొడిగి చూడి పరీక్షలు ముగిస్తోంది. యాభై ఆవుల్లో పద్దెనిమిదికి ఎర్ర చుక్క.

"పద్దెనిమిదీ లారీకేగా," అన్నాడు వృత్తి గర్వంతో.

"నో అంకుల్." ఆ పిలుపుకే అతను సగం చచ్చాడు. "ఒకటి, రెండు అయితే ఓకే. ఇన్ని ఒకేసారి అంటే ఆవుల తప్పు కాదు. ముందు బుల్‌ని టెస్ట్ చేస్తాం. చేశాను, ఫెయిల్. లారీ దానికే."

ఆవులకు కొత్త ఆంబోతు, మరో అరవై రోజులు.

"మీ ఆఫీస్‌లో ఎంతమందిని తీశారు అంకుల్?"

"వందలో నలభై."

"ఎవర్ని టెస్ట్ చేశారు?"

శ్యామ్‌సుందర్ ఆలోచించాడు. "మా డైరెక్టర్‌ని వైస్ ప్రెసిడెంట్ చేశారు."

ఆమె గ్లవ్ తీసి, రిఫరెన్స్ మెయిల్ అక్కడే పంపింది. ఆవులు మేతకు కదిలాయి. పందొమ్మిది రోజులు మిగిలిన మనిషి కారెక్కాడు.

గడువు వరం కాదని ఎవరన్నారు? ఇచ్చేవాళ్లలో ఒక డాక్టరుండాలి, అంతే.