పిన్ను తీయని అర్జీలు

విశ్వ వ్యవహారాల శాఖ జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటు కుర్చీని సీనియారిటీ ప్రకారం ఒక మహా కృష్ణబిలానికి ఇచ్చారు. బరువు నలభై లక్షల సూర్యులంత ఉండడంతో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గర కాస్త ఆలస్యమైందిగానీ మిగతా కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. చేరిన రోజు దండ వేయబోతే దండ లోపలికి పోయింది. వేసిన గుమాస్తా కూడా పోయాడు. అతను డ్యూటీలో ఉన్నట్టే రాసుకున్నారు.

డాక్టర్ మంగతాయారు అదే శాఖలో పదకొండేళ్లుగా తాత్కాలిక పరిశోధకురాలు. కృష్ణబిలాల చుట్టూ లేచే వాయువు ఎంత వేగంగా బయటికి తన్నుకొస్తుందో ఎక్స్‌రే టెలిస్కోపుతో కొలవడం ఆమె పని. ఉద్యోగం పర్మనెంటు చేయమని పెట్టుకున్న అర్జీ సూపరింటెండెంటు గదికి వెళ్లి ఏడాదిన్నర. ఈ నెలాఖరుతో కాంట్రాక్టు సరి, ఆ తర్వాత ఇంటికే. ఎప్పుడడిగినా గది బయట కూర్చునే మరో గుమాస్తా సత్తిరాజు నిమ్మకు నీరెత్తినట్టు ఒకటే మాట చెబుతాడు.

"లోపలికెళ్లిపోయిందండీ. పరిశీలనలో ఉందండి."

ఎన్నిసార్లని వింటుంది? ఒళ్లు మండి, ఓ సోమవారం టెలిస్కోపు మోసుకొచ్చి ఆ గదికి ఎదురుగా వరండాలో మంచినీళ్ల కుండ పక్కన నిలబెట్టింది. ఆ వరండాలో పన్నెండు నెలలూ వడగాడ్పే. పాడు ఎండలని జనం అనుకునేవారు. ఎండ కాదు, ఖర్మా కాదు! ఆ గాలి గది గుమ్మంలోంచి వస్తోంది, కాంతి వేగంలో పదోవంతు వేగంతో. ఎక్స్‌రేలో అందులో ఇనుము జాడ స్పష్టంగా కనబడింది.

ఆఫీసుల్లో అర్జీ చదివేవాడు ముందు గుండుసూది తీసి డబ్బాలో పడేస్తాడు. ఆ తర్వాతే కాగితం తిప్పుతాడు. గాలిలో ఇనుముందంటే సూదులు తీయకుండానే కాగితాలు బయటికొస్తున్నాయని మంగతాయారుకు అర్థమైంది. గాలి పోయే దారినే పెరటి వైపు వెళ్లి చూస్తే ప్రహరీ గోడకు అతుక్కుని వేల అర్జీలు. అందులో తనదీ ఉంది. పిన్ను తుప్పు పట్టిందిగానీ కదల్లేదు.

ఆమె దాన్ని గోడ మీంచి ఊడదీసి చేత్తో పట్టుకుని తిన్నగా సత్తిరాజు బల్ల దగ్గరికొచ్చింది.

"మీ అయ్యగారు మింగేస్తున్నారని కదయ్యా ఇన్నాళ్లూ చెప్పావ్! అర్జీల్లో నూటికి తొంభై ఆయన చుట్టూ నాలుగు ప్రదక్షిణాలు చేసి, కాగి, బయటికి కొట్టుకొచ్చేస్తున్నాయి. అసలు లోపలికే పోవట్లేదు!"

"చాలా బాగా కనిపెట్టారండి. రాసిచ్చెయ్యండి."

"ఎవరికి?"

"అయ్యగారికేనండి. ఆయన మీద కంప్లయింటైనా ఆయన ద్వారానే పంపాలి కదండీ."

"అది మళ్లీ నా మొహాన్నే కొడుతుందయ్యా!"

"కొడితే మళ్లీ పెట్టుకోండి. అందరూ చేసేదదే కదండీ," అని సత్తిరాజు వరండా వైపు చూపించాడు.

అక్కడ నలభై మంది వరసలో ఉన్నారు. గాలి వచ్చినప్పుడల్లా ఎవరూ చెప్పకుండానే అందరూ ఒక్కసారే తల వంచుతున్నారు. ఒకావిడ జరిగి చోటిచ్చింది.

"ఇలా రండమ్మా. ఈ స్తంభం చాటున కాస్త నయం. కొత్తా మీరు?"

"పదకొండేళ్లు" అంది మంగతాయారు.

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆమె అక్కడే నిలబడి నివేదిక రాసింది. గుచ్చడానికి సూది లేకపోతే, పాత అర్జీకున్నది పీకింది. ఏడాదిన్నరలో ఆ పిన్ను తీసిన మొదటి మనిషి తనే. దాన్ని పైటకొంగుతో తుడిచి కొత్త కాగితాలకు గుచ్చింది. ఇంతలో గాలి వచ్చింది. అందరితోపాటు ఆమె కూడా తల వంచింది.