టెలిఫోను సమరంలో సరస్వతీబాయి

పత్తిమిల్లుల దూదిరేణువులు శరన్మేఘాలై తేలియాడే ఆదోని మహాపట్టణాన, పందొమ్మిదివందల ఎనభైమూడో సంవత్సర గ్రీష్మాన, మార్తాండుడు నడినెత్తికెక్కి జనులు చాపలెక్కిన వేళ, గూట్లో కొలువైన నల్లని టెలిఫోను ప్రళయఘంటికలా మోగి శుభవార్త తెచ్చింది.

"అవ్వా! నాకు ఉద్యోగమొచ్చింది!"

అరవై దాటిన సరస్వతీబాయి హృదయం పున్నమినాటి సముద్రమైంది. ఆదోనికి సముద్రం లేదు, ఆమె చూసిందీ లేదు. అయినా అయింది.

"సంతోషమప్పా! ఎవరూ..."

"గొంతు గుర్తుపట్టలేదా? చెప్పు చూద్దాం!"

"పాం..." అంటూ మనవడు పాండురంగ పేరు జిహ్వాగ్రం దాటబోయింది. అంతలో పక్కన బియ్యం ఏరుతున్న స్నేహితురాలు పద్మాబాయి చేట విసిరేసి, మెరుపై లేచి, ఆమె మోచెయ్యి గిల్లింది. ఈ పద్మాబాయి సామాన్యురాలు కాదు. గతమాసంలో ఇట్లాంటి గొంతుకే "మా భీమసేనుడివా?" అని తానే తన మనవడి పేరందించి, "అవునవ్వా" అన్నవాడు పంపిన మనిషికి వెండిచెంబు అప్పగించి, పైగా మజ్జిగ పోసి సాగనంపిన క్షతగాత్ర! నాటినుంచి ఫోనున్న ఇళ్ల ముసలమ్మలందరికీ ఆ గాయమే గురువు.

"పేరు అందియ్యొద్దు వదినా! వాణ్ణే చెప్పనీ!" అని గుసగుసలాడింది.

"మరిచిపోతివా అవ్వా? పూజకు వెండి సామాను కావల్ల. మనిషిని పంపుతాండాను," అంది ఫోనులోని గొంతు.

పేరడిగితే ఎదుటివారు నొచ్చుకుంటారని పుట్టినిల్లు నేర్పిన వినయసేన ఒకవంక, అత్తగారిచ్చిన ఏకైక వెండి పంచపాత్ర ఒకవంక మోహరించగా, చెమటధారలతో అభిషిక్తయై, పళ్లు బిగించి, పడుతున్న కట్టుడుపన్నును నాలుకతో ఆపి, ఆ వీరవనిత గర్జించింది:

"ఓరప్పా! ఉద్యోగమొచ్చిన వయసులో నీకు నేను నామకరణం చేయల్నా? నీ పేరు నువ్వే చెప్పు!"

అవతల టక్కుమన్న శబ్దం. శత్రువు రిసీవరు విడిచి పలాయితుడయ్యాడు!

దేవదుందుభులు మోగలేదు. వంటింట్లో పాలు మాత్రం పొంగాయి. పుష్పవృష్టి కురవలేదు గాని, పద్మాబాయి చేటలోని బియ్యం నట్టింటా పరచుకుంది. పంచపాత్ర దేవుడి గూట్లోనే ఉంది. ఒక్క పేరు చెప్పకుండా ఒక మహాయుద్ధం జయింపబడింది!

"గెలిచినాం వదినా!" అంది పద్మాబాయి, బియ్యం ఎత్తుతూ. "రేపు పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కుదాం. ఆడ మన కమలమ్మకు ఫోను వచ్చినాదంట. నోరు కట్టుకోవడం నేర్పల్ల."

"కమలమ్మ నోరా?" సరస్వతీబాయి నిట్టూర్చింది. "అట్లయితే రెండు దినాలకు చీరలు సర్దుకో."